తెగితేనే సర్టిఫికెట్

రాష్ట్ర తాళ్ళ పరీక్షా సంస్థలోని ఉద్యోగులందరూ ఇకనుంచి తమ ఆదాయపు పన్ను రిటర్ను తామే వేసుకోవాలనీ, అందుకు కావలసిన సాఫ్ట్‌వేర్‌ని ఎవరికి వారు స్వేచ్ఛగా ఎంచుకోవాలనీ జూన్ మొదటి సోమవారంనాడు సర్క్యులర్ వచ్చింది. దాని ఆఖరి వాక్యం ఇది: "స్వేచ్ఛగా ఎంచుకొనవలసిన సాఫ్ట్‌వేర్ పేరు త్వరలో తెలియజేయబడును."

సీనియర్ అసిస్టెంటు నూకరత్నం దాన్ని రెండుసార్లు చదివి, కింద సంతకం పెట్టి, పక్క సీటుకి తోసింది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆవిడ సంతకం పెట్టని సర్క్యులర్ లేదు. అర్థమైన సర్క్యులర్లు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ముందు ఆ సంస్థ ఏం చేస్తుందో చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగినదాన్ని ఎవరూ నమ్మరు. కాకినాడ రేవుకి కాస్త ఇవతల, రేకుల షెడ్డులో ఉంటుందది. పడవల మోకులు, నూతి చేంతాళ్ళు, లిఫ్టులకి వాడే ఇనప తాళ్ళు, ప్రభుత్వం కొనే తాడేదైనా ముందు అక్కడికి రావాలి. వచ్చిన తాడుని మిషనుకి కట్టి లాగుతారు. బరువు పది శాతం చొప్పున పెంచుకుంటూ పోతారు. ఎక్కడో ఒకచోట తాడు తెగుతుంది. తెగిన దగ్గర బరువెంతో రాసుకుంటారు, దాన్ని తెగు బలం అంటారు. అందులో అయిదో వంతు సురక్షితం అని ముద్ర కొట్టి పంపేస్తారు. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. తెగిన ముక్కల్ని ఏడాదికోసారి వేలం వేస్తారు, చుట్టుపక్కల రైతులు పశువులని కట్టుకోడానికి కొనుక్కుపోతారు.

ఇంతటి సంస్థకి హఠాత్తుగా పన్ను మీద మనసు మళ్ళడానికి కారణం డైరెక్టర్ విరూపాక్షం గారు. ఆయన ఏదో చల్లటి కొండ ఊళ్ళో మూడు రోజులు 'స్వావలంబన' మీద శిక్షణ పొంది, ఒక శాలువాతోనూ ఒక ఆలోచనతోనూ తిరిగొచ్చారు. పైగా కిందటేడు స్టాఫందరికీ కలిపి రిటర్నులు వేసిన కన్సల్టెంటు మహానుభావుడు, సొంతిళ్ళలో ఉంటున్నవాళ్ళు కూడా అద్దెలు కడుతున్నట్టు రాసేశాడు. పద్నాలుగు మందికి నోటీసులొచ్చాయి. అది చాలు కదా ఉద్యమం లేవడానికి.

నూకరత్నానికి ఈ ఉద్యమంతో పని పడింది. లెక్కల సెక్షన్‌వాళ్ళు పన్నెండు నెలలపాటు ఆవిడ జీతంలోంచి పడక్కర్లేని పన్ను కోసేశారు, మొత్తం ముప్పై ఎనిమిది వేలు. అదేమిటని అడిగితే, "పొరపాటే అమ్మా. మేం దిద్దకూడదు. రిటర్ను వేస్తే గవర్నమెంటే వెనక్కిచ్చేస్తుంది," అన్నారు, ఏదో మేలు చేసినవాళ్ళలాగా.

ఆ ముప్పై ఎనిమిది వేలూ వస్తే భర్త సూర్రావుకి చెవి మిషను కొనాలి. ముప్పై ఏళ్ళు ఆటో తోలి తోలి ఆయనకి రెండు చెవులూ మొద్దుబారాయి. చలికాలంలో ఒక రోజు వెనకనుంచి లారీ హారన్ కొడుతూ మీదికొచ్చేసినా ఈయన పక్కకి తియ్యలేదు. వెంట్రుకవాసిలో తప్పింది. ఆ సాయంత్రమే నూకరత్నం ఆటో తాళం లాక్కుని బియ్యం డబ్బాలో పడేసింది. అప్పట్నుంచీ ఆటో మీద పట్టా కప్పి ఉంది, సూర్రావు దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. అలా కూర్చున్న మనిషిని రోజూ దాటుకుని ఆఫీసుకి రావడం ఆవిడ వల్ల కావట్లేదు.

అందుకే సాఫ్ట్‌వేర్ మీద మీటింగు పెట్టగానే ఎన్నడూ నోరు విప్పని నూకరత్నం లేచి, "ఏదో ఒకటి తొందరగా చెప్పేస్తే వేసేసుకుంటామండి. జులై ముప్పై ఒకటే ఆఖరి తేదీ," అంది.

డైరెక్టర్ గారు నవ్వారు. "మేము చెప్పేస్తే అది మీ స్వేచ్ఛ ఎలా అవుతుందమ్మా? మీ స్వేచ్ఛను మేము శాస్త్రీయంగా నిర్ధారించాలి."

శాస్త్రం అనగానే టెక్నికల్ ఆఫీసర్ ఏసుపాదం గారు కుర్చీలో ముందుకి జరిగారు. ఆయన తాళ్ళ పరీక్షల మాన్యువల్ తప్ప మరో పుస్తకం చదవని మనిషి, అందులోనూ నాలుగో అధ్యాయం తప్ప. "ఎంపిక అంటే పరీక్షండి. పరీక్షకి మనకున్నది ఒకటే పద్ధతి. మూడు శాంపిళ్ళు తెప్పించాలి, పేర్లు కనపడకుండా కాగితం అంటించాలి, తెగేదాకా లోడు పెట్టాలి."

"అది తాళ్ళకి కదండీ," అంది నూకరత్నం.

"మాన్యువల్‌లో తాడు అని లేదమ్మా. 'పరీక్షకు వచ్చిన వస్తువు' అని ఉంది."

డైరెక్టర్ గారు "మినిట్స్‌లో రాయండి" అన్నారు. దాంతో ఆ చర్చ ముగిసింది.

స్టోర్సులోంచి మూడు పాత లాప్‌టాపులు తీసి, వాటిలో మూడు రకాల సాఫ్ట్‌వేర్లు ఎక్కించారు. నిష్పాక్షికత కోసం స్క్రీను పైన పేరు కనిపించే చోట గోధుమరంగు కాగితం అంటించి క, ఖ, గ అని రాశారు. ఆ తర్వాత నాలుగో అధ్యాయం ప్రకారం మూడింటినీ కొబ్బరి తాళ్ళతోపాటు తేమ గదిలో డెబ్బై రెండు గంటలు ఉంచారు. నాలుగోనాడు వాటిని బయటికి తీసేసరికి ఒకదాని మీద బూజు పట్టింది. ఏసుపాదం గారు దాన్ని తృప్తిగా చూసి నోటు పుస్తకంలో రాసుకున్నారు.

తర్వాత ఉప్పునీళ్ళ పరీక్ష. మూడు శాంపిళ్ళలో ఒకదాన్ని ఇరవై నాలుగు గంటలు సముద్రపు నీళ్ళలో నానబెట్టాలని రూలు. చీటీలు వేస్తే 'గ' వచ్చింది. అటెండరు రేవు నుంచి రెండు బిందెల నీళ్ళు తెచ్చి తొట్టిలో పోశాడు.

"మనం నీళ్ళలో కూర్చుని రిటర్ను వెయ్యం కదండీ," అని నూకరత్నం అడిగి చూసింది.

"తీర ప్రాంత ఉద్యోగులం మనం. తుఫానొస్తే?" అన్నారు ఏసుపాదం గారు.

మర్నాడు 'గ' మూత తెరిస్తే లోపల్నుంచి ఒక రొయ్యపిల్ల వచ్చింది గానీ సాఫ్ట్‌వేర్ రాలేదు. 'తడి బలం: శూన్యం' అని రికార్డు చేశారు. అప్పటికి జులై పన్నెండు.

ఇక మిగిలింది అసలు పరీక్ష, లోడు. తాడుకైతే లోడు కిలోల్లో ఉంటుంది. పన్ను సాఫ్ట్‌వేర్‌కి లోడు ఏమిటన్నది తేల్చడానికి నాలుగు మీటింగులు పట్టాయి. చివరికి ఆదాయమే లోడు అని ఏకగ్రీవంగా ఆమోదించారు. ఎవరి ఆదాయం అన్నది మళ్ళీ ప్రశ్న. ఊహించి రాసిన అంకెలతో పరీక్షిస్తే సర్టిఫికెట్ చెల్లదట, నిజమైన మనిషి ఉండాలట. నూకరత్నం చెయ్యెత్తింది. ఎలాగూ తన వివరాలు ఎక్కిస్తారు, పరీక్ష అవగానే బటను నొక్కేస్తే తన రిటర్ను అందరికన్నా ముందు వెళ్ళిపోతుందని ఆవిడ ఆశ. పాపం, ఆశ పడటానికి ఆవిడ కారణాలు ఆవిడకున్నాయి.

మొదట 'ఖ'. పేరు, పాన్ నంబరు, ఏడాది జీతం అయిదు లక్షల ఎనభై వేలు ఎక్కించి ఎంటర్ నొక్కింది. స్క్రీను తెల్లబడింది. ఒక చిన్న చక్రం తిరిగింది, తిరిగింది, ఆగిపోయింది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ అదే. మూడోసారి అసలు తెరుచుకోలేదు.

"తెగింది," అన్నారు ఏసుపాదం గారు. ఆయన మొహం విప్పారింది. "తెగు బలం అయిదు లక్షల ఎనభై వేలు. రాసుకోండి."

తర్వాత 'క'. అవే వివరాలు ఎక్కించింది. రెండు సెకన్లు కూడా పట్టలేదు, 'మీకు తిరిగి రావలసిన మొత్తం: రూ. 38,000' అని పచ్చటి అక్షరాలు వచ్చాయి. కిందనే 'సమర్పించండి' అని బటను. నూకరత్నం వేలు దాని మీదికి వెళ్ళింది.

"చెయ్యి తియ్యమ్మా. ఇంకా పరీక్షే మొదలవలేదు. పది శాతం పెంచు," అన్నారు ఏసుపాదం గారు.

ఆవిడ పెంచింది. ఆరు లక్షల ముప్పై ఎనిమిది వేలు. 'క' లెక్క కట్టేసింది. మళ్ళీ పది శాతం. మళ్ళీ కట్టింది. ఆ సాయంత్రానికి నూకరత్నం కోటీశ్వరురాలైంది. మర్నాడు మధ్యాహ్నానికి ఆదాయం వంద కోట్లు దాటింది. అన్ని సెక్షన్లవాళ్ళూ పనులు మానుకుని వచ్చి చుట్టూ నిలబడ్డారు. టీలొచ్చాయి. 'క' మాత్రం నదురూ బెదురూ లేకుండా పన్ను లెక్క కడుతూనే ఉంది. మధ్యలో ఒకసారి, 'మీకు అద్దెల ద్వారా ఆదాయమేమైనా ఉందా?' అని మర్యాదగా అడిగింది కూడా.

నూరోసారి పెంచేసరికి అంకె ఎనిమిది వందల కోట్ల దగ్గరికొచ్చింది. డైరెక్టర్ గారు స్వయంగా వచ్చారు.

"ఇంకా తెగలేదా?"

"లేదండి," అన్నారు ఏసుపాదం గారు చెమట తుడుచుకుంటూ.

"మనస్ఫూర్తిగా ప్రయత్నిస్తున్నారా?"

"రెండు రోజుల్నుంచీ అదే పనండి. దీనికి తెగే ఉద్దేశం లేనట్టుంది."

డైరెక్టర్ గారు ఆ స్క్రీను వంక, క్రమశిక్షణ లేని ఉద్యోగిని చూసినట్టు, కాసేపు చూసి వెళ్ళిపోయారు. సాయంత్రం అయిదున్నర అవడంతో పరీక్ష నిలిపేశారు.

జులై ఇరవై ఎనిమిదిన ఫలితం నోటీసు బోర్డుకెక్కింది. 'గ' నీటిలో నశించినది. 'క' తెగు బలం నిర్ధారణ కానందున అనర్హమైనది. 'ఖ' తెగు బలం సందేహాతీతంగా నిరూపితమైనందున ధ్రువీకరించబడినది. ఉద్యోగులందరూ స్వేచ్ఛగా 'ఖ'ను ఎంచుకొనవలెను. వేరొకటి వాడినవారిపై చర్య తీసుకొనబడును.

నూకరత్నం నోటీసు చదివి తిన్నగా ఏసుపాదం గారి గదిలోకి వెళ్ళింది. "సార్, 'ఖ' నా జీతం ఎక్కించగానే చచ్చూరుకుంది కదండీ. దాంతో ఎలా వేస్తామండీ?"

"అందుకేనమ్మా దాని బలమెంతో మనకి తెలిసింది. ఆ 'క' ఉంది, దాని బలమెంతో నువ్వు చెప్పగలవా? నేను చెప్పగలనా? అలాంటిదాన్ని నమ్మి ఎలా సంతకం పెట్టమంటావు?"

"అది పనిచేసింది కదండీ."

"పనిచెయ్యడం వేరు, సర్టిఫికెట్ వేరు. ఇరవై రెండేళ్ళ సర్వీసు పెట్టుకుని ఇది నేను చెప్పాలా?"

ఆవిడ సంచీ తగిలించుకుంది. ఇంటికి వెళ్ళింది. సూర్రావు ఆటో పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గేటు తీసుకుని "ఏవండీ" అంది. పలకలేదు. ఇంకోసారి అంది. ఆయన పట్టా మీది దుమ్ము చేత్తో తుడుస్తున్నాడు, తల తిప్పలేదు. ఆవిడ గేటు దగ్గరే నిలబడి గట్టిగా ఏడ్చింది. దానికీ తల తిప్పలేదు.

జులై ముప్పై ఒకటిన, అందరూ భోజనాలకి లేచాక, నూకరత్నం క్యారేజీ మూత తియ్యకుండానే పరీక్ష గదిలోకి వెళ్ళింది. 'క' ఇంకా బల్ల మీదే ఉంది, ఎనిమిది వందల కోట్లతో. ఆ అంకె చెరిపేసి తన అయిదు లక్షల ఎనభై వేలు వేసింది. బ్యాంకు ఖాతా నంబరు సరిచూసింది. ఫోనుకి వచ్చిన ఓటీపీ కొట్టింది. 'సమర్పించండి' నొక్కింది. మొత్తం తొమ్మిది నిమిషాలు. తర్వాత వెళ్ళి అన్నం తింది, ఆరోజు పులుసు ఎంతో బాగుందనిపించింది.

పదకొండు రోజులకి డబ్బు బ్యాంకులో పడింది. ఆ శనివారమే సూర్రావుకి మిషను పెట్టించింది. డాక్టరు గదిలోంచి బయటికి రాగానే ఆవిడ, "వినపడుతోందా?" అని అలవాటు కొద్దీ అరిచింది.

ఆయన ఉలిక్కిపడి, "ఇన్నాళ్ళూ ఇంత గట్టిగా అరుస్తున్నావా నువ్వు? వీధిలో వాళ్ళు ఏవనుకున్నారో," అన్నాడు. మర్నాడు పట్టా తీసి, ఆటో కడిగి, పసుపు బొట్టు పెట్టి రోడ్డెక్కించాడు.

ఇక ఆఫీసు సంగతి. మిగిలినవాళ్ళు ధ్రువీకరించిన 'ఖ'తో రిటర్నులు వెయ్యబోయారు. ఒక్కటీ వెళ్ళలేదు. దాని మీద ఏసుపాదం గారు మాన్యువల్ మళ్ళీ తిరగేసి, తప్పు తమదేనని ఒప్పుకున్నారు. తెగు బలంలో అయిదో వంతే కదా సురక్షితం? అంటే ఒక లక్షా పదహారు వేలు. అంతకుమించిన ఆదాయాన్ని 'ఖ' మీద పెట్టడం ప్రమాదం. కాబట్టి భద్రత దృష్ట్యా, డైరెక్టర్ మొదలు అటెండరు దాకా ఎవరికీ ఏడాదికి లక్షా పదహారు వేలకి మించి జీతం ఇవ్వరాదని ఆగస్టులో ఉత్తర్వు వేశారు. మిగతా జీతం 'పరీక్ష పూర్తగు వరకు' డిపాజిట్‌లో ఉంటుంది. నెలకి తొమ్మిది వేల చిల్లర చేతికొచ్చింది. స్టాఫంతా లబోదిబోమన్నారు. "భద్రతకు మించిన జీతం లేదు," అన్నారు డైరెక్టర్ గారు. న్యాయం చెప్పాలంటే ఆయన జీతానికీ అదే కత్తెర పడింది. అందువల్లే ఆయన మాటకి ఎదురు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆయన కారు డ్రైవరు మాత్రం సిద్ధాంతాల జోలికి పోకుండా తాళాలు బల్ల మీద పెట్టి మానేశాడు.

అంత తక్కువ ఆదాయానికి వచ్చే ఏడు రిటర్నే అక్కర్లేదు. రిటర్ను లేకపోతే 'ఖ' ఆగిపోయే ప్రశ్నే లేదు. ఈ విషయం తెలిసి పైనుంచి మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. పన్ను సమస్యలు నూటికి నూరు శాతం తొలగించిన తొలి సంస్థ అట, మిగతా శాఖలు కూడా దీన్ని ఆదర్శంగా తీసుకోవాలట. ఆ నివేదిక తయారుచేస్తుంటేనే ఒక మచ్చ బయటపడింది. ఈ ఏడాది ఒకే ఒక్క రిటర్ను విజయవంతంగా దాఖలైంది.

సెప్టెంబరులో ఒక సాయంత్రం నూకరత్నాన్ని డైరెక్టర్ గదికి పిలిచారు. ఏసుపాదం గారు అప్పటికే మాన్యువల్ తెరిచి కూర్చున్నారు.

"అనర్హ శాంపిల్‌ను వాడితివి," అన్నారు డైరెక్టర్ గారు. కోపం వస్తే ఆయన గ్రాంథికంలోకి వెళ్ళిపోతారు.

"వాడానండి."

"పరీక్షలో మిగిలిన ముక్కలు సంస్థ ఆస్తి. నాలుగో అధ్యాయం," అన్నారు ఏసుపాదం గారు. "ఆ శాంపిల్లోంచి వచ్చిన ముప్పై ఎనిమిది వేలు కూడా మిగిలిన ముక్క కిందికే వస్తుంది. వేలం వెయ్యాలి."

"డబ్బు లేదండి. మా ఆయనకి చెవి మిషను కొన్నాను."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. "అయితే మిషనే ముక్క," అని తేల్చారు ఏసుపాదం గారు. "తెచ్చి అప్పగించమ్మా. తేమ గదిలో పెట్టి, శబ్దం పది శాతం చొప్పున..."

"ఇవ్వనండి," అంది నూకరత్నం. ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు ఆవిడే కొంచెం బెదిరింది. అయినా ఆపలేదు. "మీరిచ్చే తొమ్మిది వేలతో మా ఇంట్లో పాలూ కూరగాయలూ కూడా రావట్లేదండి. ఆటో తిరుగుతోంది కాబట్టి పొయ్యి వెలుగుతోంది. ఆ మిషను తీసేస్తే ఆయన ఆటో కింద ఎవరైనా పడతారు, లేదా ఆయనే లారీ కింద పడతాడు. నా జీతంలో కోసుకుంటారా, కోసుకోండి. ఇంకా కొయ్యడానికేముందో చూసుకోండి."

డైరెక్టర్ గారు గడియారం చూశారు. "నీతో లాభం లేదు. నీ భర్తకే స్వయంగా ఉత్తర్వు తెలియజేస్తాను. ఆయన ఎక్కడ?"

"బయట ఉన్నాడండి. నన్ను తీసుకెళ్ళడానికొచ్చాడు."

ఇక్కడొక చిక్కుంది. డ్రైవరు మానేసిన దగ్గర్నుంచి డైరెక్టర్ గారు రోజూ రెండు బస్సులు మారి ఇంటికెళ్తున్నారు. ఆవేళ వాన పట్టింది. ఉత్తర్వు తెలియజేయడానికి ఆటోలో కూర్చోవడం తప్పు కాదని ఆయనే తీర్మానించుకుని, వెనక సీట్లో నూకరత్నం పక్కన సర్దుకుని కూర్చున్నారు. దారంతా ఆయన సురక్షిత బలం గురించి చెప్పారు. సూర్రావు చూపు రోడ్డు మీదే పెట్టి పద్ధతిగా తోలాడు, వెనకనుంచి హారన్ వినపడిన ప్రతిసారీ పక్కకి తీశాడు.

డైరెక్టర్ గారి వీధిలో ఆటో ఆగింది. వాన తగ్గింది, జనం అరుగుల మీదికి వచ్చి కూర్చున్నారు. ఆయన దిగి, గొంతు సవరించుకుని, తక్కువ స్వరంతో, "చూడవయ్యా. నీ చెవికున్న మిషను రేపు పది గంటలకి మా ఆఫీసులో అప్పగించాలి," అన్నారు.

సూర్రావు చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "వినపళ్ళేదండి."

డైరెక్టర్ గారు కొంచెం పెంచారు. "మిషను. రేపు. అప్పగించాలి."

"వినపళ్ళేదండి బాబూ. కాస్త గట్టిగా."

"నీ చెవి మిషను మా ఆఫీసుకి ఇచ్చెయ్యాలి," అని డైరెక్టర్ గారు అరిచారు. అరుగుల మీద మాటలు ఆగిపోయాయి. ఎదురింటి పెద్దావిడ చేటలో బియ్యం పక్కన పెట్టి లేచి నిలబడింది. మేడ మీది కిటికీ ఒకటి తెరుచుకుంది.

సూర్రావు వినయంగా ఇంకొంచెం ముందుకి వంగాడు. "ఏవనుకోకండి. ఇంకొక్కసారి."

డైరెక్టర్ గారు నోరు తెరిచారు. వీధి వంక చూశారు. వీధంతా ఆయన వంకే చూస్తోంది.

"ఏవంటున్నారండీ ఆ ఆటో ఆయన్ని?" అని అడిగింది పెద్దావిడ.

"ఏం లేదండి," అన్నారు డైరెక్టర్ గారు. "మంచి మిషను, జాగ్రత్తగా వాడుకోమంటున్నాను." గబగబా గేటు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

సూర్రావు బండి తిప్పాడు. మలుపు దాటాక వెనక్కి తిరక్కుండానే, "ఇంతకీ వెళ్ళేటప్పుడు ఏవన్నాడు?" అని అడిగాడు.

"నిజంగా వినపళ్ళేదా మీకు?" అంది నూకరత్నం, చాలా నెమ్మదిగా.

"ఆయనది వినపడింది. నీ నోటంట విందామని," అన్నాడు సూర్రావు.